కనెక్ట్ అయితలేదని డేటాబేస్‌ను పీకేయకండి: ఎర్రర్ నంబర్ ఎట్ల చదవాలె

ఈ ఎపిసోడ్ చేద్దామని చాన రోజుల నుంచి అనుకుంటున్న. "అన్నా, కోడ్ అంతా కరెక్టే ఉంది, కానీ డేటాబేస్‌కు కనెక్ట్ అయితలేదు" అని మెసేజ్‌లు వస్తనే ఉంటయి. స్క్రీన్‌షాట్ పంపిస్తరు. అందుల ఎర్ర అక్షరాలు ముప్పై లైన్లుంటయి, అసలు కావాల్సిన చివరి లైన్ మాత్రం కట్ అయిపోయి ఉంటది. ఈ రోజు ఆ చివరి లైన్ గురించే మాట్లాడుకుందాం. పైథాన్, మైఎస్‌క్యూఎల్ తీసుకుని చెప్త. మధ్యల పీహెచ్‌పీ వాళ్లకు కూడా కొంచెం ఉంటది.

ముందుగాల ఒక ముచ్చట చెప్త, ఎందుకంటే ఈ ఎపిసోడ్ అంతా దాని చుట్టే తిరుగుతది.

మా జూనియర్ ఒకడున్నడు, ఆదిలాబాద్ దిక్కు పిల్లగాడు. ఆదిలాబాద్ అంటే పత్తి, మీకు తెలిసిందే. అక్కడ ఒక జిన్నింగ్ మిల్లుకు కాంటా చీటీలు కొట్టే ప్రోగ్రాం వీడే పైథాన్‌ల రాసిచ్చిండు. బయటి పని తీసుకుని చేసుడు వానికి అదే మొదటిసారి. కాంటా రూంల ఒక కంప్యూటర్, ఆఫీస్ రూంల ఇంకో కంప్యూటర్. ప్రోగ్రాం కాంటా రూంల నడుస్తది, మైఎస్‌క్యూఎల్ ఆఫీస్ కంప్యూటర్‌ల ఉంటది. రెండింటి మధ్యల ఒక రౌటర్. అంతే సెటప్.

కాంటా పని ఎట్ల అయితదో తెలువనోళ్ల కోసం చెప్త. నిండు ట్రాక్టర్‌ను ఒకసారి తూకం వేస్తరు. పత్తి కుప్పల దించినంక ఖాళీ ట్రాక్టర్‌ను మళ్ళ తూకం వేస్తరు. మొదటి తూకంలకెళ్లి రెండోది తీసేస్తే పత్తి ఎంతో తెలుస్తది. అప్పుడు చీటీ వస్తది, ఆ చీటీ మీదనే పైసలు.

పత్తి సీజన్‌ల ఒక రోజు పొద్దుగాల ఆరు గంటలకు ఫోన్ చేసిండు. "అన్నా, రాత్రి కరెంట్ పోయి వచ్చింది. ప్రోగ్రాం డేటాబేస్‌కు కనెక్ట్ అయితలేదు. మూడు సార్లు రీస్టార్ట్ చేసిన. ఇగ మైఎస్‌క్యూఎల్ అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళ వేస్తున్న" అన్నడు.

నేను మంచం మీదికెళ్లి లేచి కూసున్న. "జర ఆగు తమ్మీ. దేన్నీ ముట్టకు. రాత్రి నిండు తూకం అయ్యి, ఖాళీ తూకం కానివి ఎన్ని బండ్లు ఉన్నయి?" అని అడిగిన. "ఆరు ట్రాక్టర్లు అన్నా. రాత్రే పత్తి దించిన్రు" అన్నడు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ ఆరుగురు రైతుల పత్తి కుప్పల కలిసిపోయింది, మళ్ళ తూకం వేద్దామంటే వేరు చేయరాదు. వాళ్ల పత్తి ఎంతో చెప్పేది ఆ డేటాబేస్‌ల ఉన్న ఆరు వరుసలే. ఈయన ఆ డేటాబేస్‌నే పీకేస్తా అంటున్నడు. డేటాబేస్ మంచిగనే ఉంది, చెడిపోయింది దాని దాకా పోయే తొవ్వ.

నేను అంత గట్టిగ ఎందుకు ఆపిన్నంటే, ఆ తప్పు నేను చేసి ఉన్న. 2019 ల మా బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. కరీంనగర్ పక్కన కాలేజి, నలుగురం బ్యాచ్. కాలేజి పిల్లల రక్తం గ్రూపులు, ఫోన్ నంబర్లు అడిగి రాసుకొచ్చి, ఎవరికన్నా రక్తం అవసరమైతే వెంటనే వెతికే యాప్ చేసినం. మా బ్యాచ్‌ల ఇద్దరు అమ్మాయిలు క్లాస్ క్లాస్ తిరిగి ఫారాలు నింపించి, కూసుని ఎంట్రీ చేసిన్రు. వైవాకు ముందు రోజు రాత్రి నా ల్యాప్‌టాప్‌ల కనెక్షన్ ఎర్రర్ వచ్చింది. నేనేం చేసిన? మైఎస్‌క్యూఎల్ అన్‌ఇన్‌స్టాల్ కొట్టిన. డేటా డైరెక్టరీ కూడా తీసేయాలా అని అడిగింది. చదవకుండనే టిక్ పెట్టిన. మళ్ళ ఇన్‌స్టాల్ చేసినంక కూడా అదే ఎర్రర్! పొద్దున ఖాళీ టేబుల్‌తోని వైవాకు పోయినం. ఆ ఇద్దరు నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ అనిపించింది. ఆ ఎర్రర్‌కు మందు ఒక్క లైన్ కమాండ్ అని నాకు ఉద్యోగంల చేరినంక తెలిసింది. అదేందో ఇంకొంచెం సేపట్ల చెప్త.

సరే, అసలు విషయంలకు వద్దాం. కనెక్షన్ అంటే ఒక్క పని కాదు, వరుసగ ఐదు మెట్లు. మీరు కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌ల చుట్టపింటికి పోతున్నరు అనుకోండి. ఒకటి, పోనీకి బండి ఉండాలె. రెండు, ఆ ఇల్లు దొరకాలె, తలుపు దగ్గర మనిషి ఉండాలె. మూడు, మీరెవరో వాళ్లు గుర్తుపట్టి లోపలికి రానియ్యాలె. నాలుగు, మీరు అడిగిన అర్ర ఆ ఇంట్ల ఉండాలె. ఐదు, లోపలికి పోయినంక మాట తెగకుండ, ఒకరి భాష ఒకరికి అర్థం కావాలె. ఎర్రర్ నంబర్ మీకు ఏం చెప్తదంటే, మీరు ఏ మెట్టు దాకా పోయిన్రు, ఎక్కడ ఆగిన్రు అని. బండే లేనోడు తాళం చెవి మార్చుకుంటే ఏం లాభం?

మొదటి మెట్టు, బండి. అంటే డ్రైవర్. పైథాన్‌కు మైఎస్‌క్యూఎల్ భాష దానంతటదే రాదు. మధ్యల ఒక లైబ్రరీ కావాలె, దాన్నే డ్రైవర్ అంటం. పైథాన్‌ల డ్రైవర్లన్నీ ఇంచుమించు ఒకే తీరుగ ఉండాలె అని 1999 ల ఒక పద్ధతి రాసుకున్నరు, పెప్ 249 అంటరు. అందుకే ఏ డ్రైవర్ తీసుకున్నా కనెక్ట్, కర్సర్, ఎగ్జిక్యూట్, కమిట్ అనే మాటలే కనిపిస్తయి. మైఎస్‌క్యూఎల్‌కు ముఖ్యంగ మూడు డ్రైవర్లు. ఒరాకిల్ వాళ్లది మైఎస్‌క్యూఎల్ కనెక్టర్ పైథాన్. మొత్తం పైథాన్‌లనే రాసింది పైమైఎస్‌క్యూఎల్. సీ భాష లైబ్రరీ మీద నడిచేది మైఎస్‌క్యూఎల్‌క్లయింట్. దీన్ని కొన్ని కంప్యూటర్లల్ల కంపైల్ చేయాల్సి వస్తది, కొత్తోళ్లు అక్కడనే ఆగిపోతరు. నేర్చుకునేటోళ్లు మొదటి రెండింట్ల ఏదన్నా తీసుకోండి.

ఈ మెట్టు మీద ఆగితే "మాడ్యూల్ నాట్ ఫౌండ్" అని వస్తది. దీనికి నంబర్ ఉండదు. నంబర్ లేదంటేనే అర్థం చేసుకోవాలె, మీరు ఇంక ఇంట్లకెళ్లే బయలుదేరలేదు. పాస్‌వర్డ్ మార్చుడు, సర్వర్ రీస్టార్ట్ చేసుడు, ఇవన్నీ ఇప్పుడు దండగ. కారణాలు మామూలుగ రెండు. ఒకటి, మీ కంప్యూటర్‌ల రెండు పైథాన్‌లు ఉన్నయి. పిప్ ఒకదాంట్ల వేసింది, ప్రోగ్రాం ఇంకోదాంట్ల నడుస్తున్నది. ఉత్త పిప్ అని కొట్టకుండ, "పైథాన్ హైఫన్ ఎం పిప్ ఇన్‌స్టాల్" అని కొట్టండి. ఏ పైథాన్‌తోని ప్రోగ్రాం నడుపుతున్నరో దాంట్లనే పడుతది. రెండోది నవ్వొస్తది, కానీ మస్తు మంది చేస్తరు. మీ ఫైల్‌కే "మైఎస్‌క్యూఎల్ డాట్ పీవై" అని పేరు పెడతరు. అప్పుడు పైథాన్ అసలు లైబ్రరీని వదిలి మీ ఫైల్‌నే తెరుస్తది. "మైఎస్‌క్యూఎల్ ఈజ్ నాట్ ఎ ప్యాకేజ్" అని వచ్చిందంటే ఇదే. ఫైల్ పేరు మార్చండి, అయిపోతది.

పీహెచ్‌పీ వాళ్లకు ఈ మెట్టు మీద వచ్చేది "కుడ్ నాట్ ఫైండ్ డ్రైవర్". పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ ఫైల్‌ల పీడీఓ మైఎస్‌క్యూఎల్ ఎక్స్‌టెన్షన్ లైన్ ముందర సెమీకోలన్ ఉంటే తీసేయండి, సర్వర్ రీస్టార్ట్ చేయండి. కమాండ్ లైన్‌కు, వెబ్ సర్వర్‌కు వేర్వేరు ఐఎన్ఐ ఫైళ్లు ఉండొచ్చు, ఏది నడుస్తుందో చూసి మార్చండి. ఇంకా ఎవరన్నా పాత ల్యాబ్ మాన్యువల్ చూసి "మైఎస్‌క్యూఎల్ అండర్‌స్కోర్ కనెక్ట్" అని రాస్తుంటే, ఆ ఫంక్షన్ 2015 డిసెంబర్‌ల వచ్చిన పీహెచ్‌పీ 7 నుంచే లేదు. మైఎస్‌క్యూఎల్ఐ, లేకపోతే పీడీఓ వాడండి.

రెండో మెట్టు, ఇల్లు దొరకుడు. ఇక్కడ వచ్చే నంబర్ 2003. లైనక్స్‌ల లోకల్‌హోస్ట్ అని ఇస్తే 2002 కూడా వస్తది. 2003 తోని ఊకోవద్దు. దాని పక్కన బ్రాకెట్‌ల ఇంకో నంబర్ ఉంటది, అసలు కథ అది చెప్తది. విండోస్‌ల 10061, లైనక్స్‌ల 111 అంటే, ఆ కంప్యూటర్ దొరికింది, కానీ ఆ పోర్ట్ దగ్గర వినేటోళ్లు ఎవ్వరూ లేరు. ఇంటికి పోయిన్రు, తలుపు కొట్టిన్రు, లోపల ఎవ్వరూ లేరు. మైఎస్‌క్యూఎల్ సర్వీస్ బంద్ అయి ఉంటది, లేకపోతే పోర్ట్ తప్పు. మామూలు పోర్ట్ 3306. ఎక్సాంప్, మైఎస్‌క్యూఎల్ రెండూ వేసుకున్నోళ్లకు ఇద్దరూ అదే 3306 కోసం కొట్లాడుతరు. ఒకదాన్ని బంద్ చేయండి, లేకపోతే పోర్ట్ మార్చండి. ఇంకోటి, ఎక్సాంప్‌ల ఇప్పుడు వచ్చేది మైఎస్‌క్యూఎల్ కాదు, మరియాడీబీ. చాన వరకు ఒక్కటే తీరు, కానీ అన్నీ కాదు.

విండోస్‌ల 10060, లైనక్స్‌ల 110 అంటే టైమ్ అవుట్. కొట్టిన్రు కానీ జవాబే లేదు. అడ్రస్ తప్పు కావొచ్చు, ఫైర్‌వాల్ ఆపుతుండొచ్చు. 11001 వస్తే మీరిచ్చిన పేరుతోని కంప్యూటరే దొరకలేదు, స్పెల్లింగ్ చూసుకోండి.

ఫోన్‌లనే కోడ్ రాసి నేర్చుకుంటున్నోళ్లు మన దాంట్ల మస్తు మంది ఉన్నరు. మీకు ఒక మాట. లోకల్‌హోస్ట్ అంటే ప్రోగ్రాం ఏ డబ్బాల నడుస్తుందో ఆ డబ్బానే. ఫోన్‌ల ప్రోగ్రాం నడిపి లోకల్‌హోస్ట్ అని రాస్తే, అది మీ ఫోన్‌లనే మైఎస్‌క్యూఎల్ కోసం వెతుకుతది, ఇంట్ల ఉన్న కంప్యూటర్‌ల కాదు. ఫోన్‌ల నేర్చుకోనీకి ఎస్‌క్యూలైట్ మంచిది. 2006 ల వచ్చిన పైథాన్ 2.5 నుంచి అది పైథాన్‌తోనే వస్తది, సర్వర్ అవసరం లేదు. కానీ ఒకటి గుర్తుంచుకోండి. ఎస్‌క్యూలైట్‌కు ఫైల్ పేరు తప్పు ఇస్తే ఎర్రర్ రాదు, ఆ పేరుతోని కొత్త ఖాళీ ఫైల్ చేస్తది. తర్వాత "నో సచ్ టేబుల్" అంటది. నా డేటా పోయిందని భయపడకండి, మీరు వేరే ఫైల్ తెరిచిన్రు, అంతే.

ఇప్పుడు మళ్ళ ఆదిలాబాద్ పోదాం. మా వానికి మొదట చెప్పిన మాట కంప్యూటర్ గురించి కాదు. "గుమస్తాను పిలువు. మనం చూసేదాంక కొత్త బండ్ల తూకాలు పుస్తకంల చేతితోని రాయమను. రైతులకు సంగతి చెప్పు, ఊకనే నిలబెట్టకు" అన్న. లైన్ కదిలితే మన మీద ఒత్తిడి తగ్గుతది. ఒత్తిడిలనే కదా అన్‌ఇన్‌స్టాల్ కొట్టేది.

తర్వాత "చివరి లైన్ చదువు" అన్న. చదివిండు. 2003, బ్రాకెట్‌ల 10060, అడ్రస్ 192.168.1.5. అంటే పాస్‌వర్డ్ దాకా మాటే పోలేదు. వాడేమో అప్పటికే పాస్‌వర్డ్ మూడు సార్లు మార్చి చూసిండు. "ఆఫీస్ రూంకు పో. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొట్టు" అన్న. కొట్టిండు. ఆఫీస్ కంప్యూటర్ అడ్రస్ ఇప్పుడు 192.168.1.9!

ఏమైందో అర్థమైందా? కరెంట్ పోయి వచ్చినప్పుడు రౌటర్ కూడా బంద్ అయి లేచింది. ఎవరు ముందు అడిగితే వాళ్లకు కొత్త నంబర్లు పంచింది. ప్రోగ్రాంల మాత్రం పాత 5 నంబర్ రాసి ఉంది. సర్వీస్ నడుస్తుందా అని కూడా చూపిచ్చిన. విండోస్ సర్వీసెస్‌ల "రన్నింగ్" అనే ఉంది. ఇక్కడ చాన మంది పింగ్ కొట్టి చూస్తరు. కొట్టండి, కానీ పింగ్‌కు జవాబు రాలేదని కంప్యూటర్ లేదనుకోవద్దు, విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపొచ్చు. పవర్‌షెల్‌ల "టెస్ట్ నెట్‌కనెక్షన్" అనే కమాండ్‌కు పోర్ట్ 3306 ఇచ్చి చూస్తే తలుపు తెరిచుందో లేదో సరిగ్గ తెలుస్తది.

ప్రోగ్రాంల అడ్రస్ మార్చినం. నడిపిండు. "అన్నా, మళ్ళ ఎర్రర్!" "నంబర్ చెప్పు." "1130." నేను నవ్విన. వాడు "ఏంది అన్నా నవ్వుతున్నవ్" అని కోపం చేసిండు. నవ్వింది ఎందుకంటే నంబర్ మారింది. 2003 నుంచి 1130 కు వచ్చినం అంటే ఒక మెట్టు ఎక్కినం. ఇంతకుముందు ఇల్లు దొరకలేదు, ఇప్పుడు ఇంటి ముందర నిలబడ్డం, లోపలోళ్లు "నువ్వెవరు" అంటున్నరు. ఎర్రర్ మారుడు అంటే పని ముందుకు పోతున్నట్టే. మీరు కూడా అట్లనే చూడండి.

మూడో మెట్టు ఇదే, గుర్తుపట్టుడు. మైఎస్‌క్యూఎల్‌ల యూజర్ అంటే ఉత్త పేరు కాదు, పేరు ప్లస్ ఎక్కడికెళ్లి వస్తున్నడు అనేది. లోకల్‌హోస్ట్ నుంచి వచ్చే రవి, 192.168.1.6 నుంచి వచ్చే రవి, ఈ ఇద్దరు వేర్వేరు మనుషులు. 1130 అంటే ఈ అడ్రస్ నుంచి వచ్చేటోళ్లకు అసలు ఖాతానే లేదు. 1045 అంటే యాక్సెస్ డినైడ్, పేరో పాస్‌వర్డో కలవలేదు. 1045 వచ్చినప్పుడు ఆ లైన్ చివర "యూజింగ్ పాస్‌వర్డ్" అని యెస్ గానీ నో గానీ ఉంటది. నో అని ఉంటే మీ ప్రోగ్రాం పాస్‌వర్డే పంపలేదు, కాన్ఫిగ్ ఫైల్ చదవలేదన్నట్టు. యెస్ అని ఉంటే పంపింది, కానీ తప్పు పంపింది, లేకపోతే ఆ అడ్రస్‌కు వేరే ఖాతా ఉంది.

మా వాడు యూజర్‌ను కాంటా కంప్యూటర్ పాత అడ్రస్‌కు, అంటే చివర 6 ఉన్నదానికి కట్టేసి పెట్టిండు. ఇప్పుడు దాని నంబర్ కూడా 7 అయింది. వాడు అన్నడు, "అన్నా, రూట్‌నే పర్సెంట్ గుర్తు పెట్టి ఎక్కడికెళ్లన్నా రానిద్దామా? ఆన్‌లైన్‌ల అదే చెప్పిన్రు." అట్ల చేస్తే అప్పటికప్పుడు పని అయితది, నిజమే. కానీ రూట్ అంటే ఇంటి తాళాలన్నీ ఉన్న గుత్తి. 2017 మొదట్ల ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టిన మాంగోడీబీ డేటాబేస్‌లను, తర్వాత మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లను దొంగలు తుడిచేసి, బిట్‌కాయిన్ ఇస్తే తిరిగి ఇస్తమని చీటీ రాసి పెట్టిపోయిన్రు. అందుల ఎన్నో "పని అయితే చాలు" అని తెరిచి పెట్టినవే.

మేము చేసింది ఇది. ఆఫీస్ కంప్యూటర్‌ల రూట్‌తోని లోపలికి పోయి, "రీనేమ్ యూజర్" కమాండ్‌తోని ఆ పాత యూజర్‌నే 192.168.1 తర్వాత పర్సెంట్ గుర్తుకు మార్చినం. అంటే ఆ మిల్లు నెట్‌వర్క్‌లకెళ్లి వచ్చేటోళ్లకు మాత్రమే. రీనేమ్ చేస్తే పాస్‌వర్డ్, పర్మిషన్లు అట్లనే ఉంటయి. ఆ యూజర్‌కు సెలెక్ట్, ఇన్సర్ట్, అప్‌డేట్ మూడే ఉన్నయి. డిలీట్ లేదు, డ్రాప్ లేదు. కాంటా చీటీ కొట్టనీకి అవి ఎందుకు?

ప్రోగ్రాం నడిచింది. ఆరు ట్రాక్టర్ల నిండు తూకాలు స్క్రీన్ మీద కనిపించినయి. నాకు వీడియో కాల్‌ల చూపిస్తున్నప్పుడు వాని చెయ్యి వణుకుతున్నది. ఫోన్ వచ్చినప్పటి నుంచి అప్పటిదాంక నలభై నిమిషాలు పట్టింది.

ఇప్పుడు నా పాత తప్పుకు వస్త. నాకు ఆ రాత్రి వచ్చింది కూడా ఈ మూడో మెట్టు ఎర్రరే. "అథెంటికేషన్ ప్లగిన్ క్యాచింగ్ షా2 పాస్‌వర్డ్ ఈజ్ నాట్ సపోర్టెడ్." కొన్ని డ్రైవర్లల్ల ఇదే సంగతి 2059 నంబర్‌తోని వస్తది. కథ ఏందంటే, 2018 ఏప్రిల్‌ల మైఎస్‌క్యూఎల్ 8.0 వచ్చింది. అందుల పాస్‌వర్డ్ చూసే పద్ధతి మార్చిన్రు, ఇంకా గట్టి పద్ధతి పెట్టిన్రు. పాత డ్రైవర్లకు ఆ కొత్త పద్ధతి రాదు. నేను పిప్‌తోని వేసింది "మైఎస్‌క్యూఎల్ కనెక్టర్" అనే పాత ప్యాకేజీ. వేయాల్సింది "మైఎస్‌క్యూఎల్ కనెక్టర్ పైథాన్". పేరుల చివరి ఒక్క మాట తేడా. పాతది తీసేసి కొత్తది వేస్తే అయిపోయేది. అంటే నా సర్వర్ మంచిగుంది, డేటా మంచిగుంది, పాస్‌వర్డ్ మంచిగుంది. బండి పాతది, అంతే. నేను బండి మార్చకుండ ఇల్లు కూలగొట్టిన. మళ్ళ ఇల్లు కట్టినంక కూడా అదే పాత బండి కదా, అందుకే అదే ఎర్రర్ వచ్చింది.

దీని మీద ఇంకో జాగ్రత్త. పాత వీడియోలల్ల "యూజర్‌ను నేటివ్ పాస్‌వర్డ్ పద్ధతికి మార్చండి" అని చెప్తరు. అప్పట్ల నడిచేది. 2024 ఏప్రిల్‌ల వచ్చిన 8.4 ల ఆ పాత పద్ధతి మామూలుగ బంద్ ఉంటది, 2024 జులైల వచ్చిన 9.0 ల మొత్తానికే తీసేసిన్రు. కాబట్టి సర్వర్‌ను వెనక్కి లాగొద్దు, డ్రైవర్‌ను ముందుకు తీసుకురండి. పైమైఎస్‌క్యూఎల్ వాడేటోళ్లకు "క్రిప్టోగ్రఫీ ప్యాకేజ్ ఈజ్ రిక్వైర్డ్" అని వస్తే, ఆ క్రిప్టోగ్రఫీ ప్యాకేజీ కూడా వేయండి, సరిపోతది. పీహెచ్‌పీ వాళ్లు 7.4 గానీ ఆ పైది గానీ వాడండి.

నాలుగో మెట్టు, అర్ర. 1049 అంటే అన్‌నోన్ డేటాబేస్, ఆ పేరుతోని డేటాబేస్ లేదు. 1044 అంటే ఉన్నా మీకు అందుల పర్మిషన్ లేదు. 1049 కు ఒక కారణం చెప్త. విండోస్‌ల పేరుల పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా పట్టించుకోదు, లైనక్స్‌ల పట్టించుకుంటది. ల్యాప్‌టాప్‌ల నడిచిన ప్రోగ్రాం సర్వర్‌ల వేస్తే ఆగేది అందుకే. పేర్లన్నీ చిన్న అక్షరాలల్ల పెట్టుకోండి.

ఐదో మెట్టు, మాట తెగకుండ ఉండుడు. 2006 "సర్వర్ హాజ్ గాన్ అవే", 2013 "లాస్ట్ కనెక్షన్". పొద్దున కనెక్షన్ తెరిచి అట్లనే వదిలేస్తే, ఏ మాటా లేకుండ 28800 సెకన్లు, అంటే 8 గంటలు దాటితే సర్వర్ తెంపేస్తది. అది మామూలు సెట్టింగ్. పని ఉన్నప్పుడు తెరవండి, అయినంక మూసేయండి. మూయకపోతే ఇంకో ఎర్రర్, 1040 "టూ మెనీ కనెక్షన్స్". మామూలుగ ఒకేసారి 151 కనెక్షన్లు ఇస్తది. లూప్ లోపల కనెక్ట్ రాసి మూయనోళ్లకు ఇది తొందరగ వస్తది.

భాష సంగతి కూడా ఇక్కడనే. కనెక్ట్ అయితది, ఎర్రర్ ఉండదు, కానీ ఇచ్చోడ, జైనథ్, బేల అని తెలుగుల రాసిన ఊర్ల పేర్లు ప్రశ్న గుర్తులుగ వస్తయి. మైఎస్‌క్యూఎల్ 5.7 దాంక మామూలు క్యారెక్టర్ సెట్ లాటిన్1. దాంట్ల తెలుగు పట్టదు. 8.0 నుంచి యూటీఎఫ్8ఎంబీ4. టేబుల్ అదే ఉందా, కనెక్షన్‌ల కూడా అదే ఉందా, రెండూ చూడండి. సర్వర్ స్ట్రిక్ట్ మోడ్‌ల ఉంటే 1366 ఎర్రర్ ఇచ్చి ఆపుతది, అది మన మంచికే. స్ట్రిక్ట్ లేకపోతే ప్రశ్న గుర్తులే సేవ్ అయితయి, తర్వాత ఆ పేర్లు మళ్ళ తిరిగి రావు. ఎర్రర్ రాకపోవుడు ఎప్పుడూ మంచిది కాదు అని ఇందుకే అంటున్న.

ఇప్పుడు ఇదంతా మీ ఫోన్‌ల నోట్ చేసుకునే తీరుగ ఒక్కసారి చెప్త. ఎర్రర్ రాంగనే కోడ్ ముట్టకండి, చివరి లైన్ చదవండి, నంబర్ రాసుకోండి. నంబర్ లేకపోతే డ్రైవర్ చూడండి. 2002, 2003 అయితే అడ్రస్, పోర్ట్, సర్వీస్. 1130, 1045, 2059 అయితే యూజర్, పాస్‌వర్డ్, డ్రైవర్ వర్షన్. 1049, 1044 అయితే డేటాబేస్ పేరు, పర్మిషన్. 2006, 2013, 1040 అయితే కనెక్షన్ తెరిచి మూసే తీరు. ఒకసారికి ఒక్కటే మార్చండి, మళ్ళ నడపండి, నంబర్ మారిందా చూడండి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో మీకే తెలువదు.

సాయం అడిగేటప్పుడు చివరి లైన్ మొత్తం, డ్రైవర్ పేరు, వర్షన్, సర్వర్ వర్షన్, విండోసా లైనక్సా, ఇవి పంపండి. స్క్రీన్‌షాట్‌ల పాస్‌వర్డ్ కనిపిస్తే దాచి పంపండి. నాకు పంపినా సరే, దాచి పంపండి.

అన్‌ఇన్‌స్టాల్ చేయాల్సిన రోజు కూడా వస్తది, రాదని అనను. అప్పుడు ముందుగాల మైఎస్‌క్యూఎల్‌డంప్‌తోని బ్యాకప్ తీసి, ఆ ఫైల్‌ను వేరే కంప్యూటర్‌ల గానీ పెన్‌డ్రైవ్‌ల గానీ పెట్టి, అది తెరుచుకుంటుందో చూసి, అప్పుడు చేయండి. అదే కంప్యూటర్‌ల పెట్టుకున్న బ్యాకప్‌ను నమ్ముకోకండి.

మా వాడు ఆ రోజే రౌటర్ సెట్టింగ్‌ల ఆఫీస్ కంప్యూటర్‌కు, కాంటా కంప్యూటర్‌కు నంబర్లు ఫిక్స్ చేసిండు. ఇగ కరెంట్ పోయినా మారవు. ప్రోగ్రాంల కూడా అడ్రస్‌ను కోడ్‌లకెళ్లి తీసి వేరే కాన్ఫిగ్ ఫైల్‌ల పెట్టిండు. రోజూ రాత్రి పెన్‌డ్రైవ్‌లకు బ్యాకప్ పోయేటట్టు చేసిండు. సాయంత్రం ఫోన్ చేసి ఒక ముచ్చట చెప్పిండు. ఆ ఆరుగురిల ఒక పెద్దాయన చీటీ తీసుకుని, చదువు రాదు కాబట్టి వీన్నే చదవమన్నడంట. చదివిండు. "మళ్ళొకసారి చదువు బిడ్డా" అన్నడంట. మళ్ళ చదివిండు. చీటీ మడిచి జేబుల పెట్టుకుని పోయిండంట. "అన్నా, పొద్దుగాల నువ్వు ఆపకపోతే ఆయనకు నేను ఏమని చదువుతుంటి?" అని అడిగిండు. నా దగ్గర జవాబు లేకుండె.

మీరు రాసే ప్రోగ్రాం కాలేజి ప్రాజెక్టే కావొచ్చు, ఎవరి దుకాణం లెక్కనో కావొచ్చు. ఆ టేబుల్‌ల ఉన్న వరుస వెనుక ఎవరో ఒకరు ఉంటరు. అందుకే, కనెక్ట్ కాకపోతే మొదట నంబర్ చదవండి.

సరే ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్ మీ బ్యాచ్‌ల ఇప్పుడు ప్రాజెక్టు చేస్తున్నోళ్లకు పంపండి, ముఖ్యంగ వైవా దగ్గరున్నోళ్లకు. మీకు వచ్చిన ఎర్రర్ చివరి లైన్ కింద రాయండి, వచ్చే ఎపిసోడ్‌ల కొన్ని తీసుకుని ఇట్లనే మెట్టు మెట్టు చూద్దాం.